కుడిపక్క సీటు

చిట్కుల్ పిల్లలకు ఆ ఎర్రబండిని చూస్తే మొదట్లో నవ్వు, తర్వాత భయం. రెండింటికీ కారణం ఒకటే. మన దగ్గర బండి నడిపే మనిషి కుడిపక్కన కూర్చుంటాడు. ఇటలీ నుంచి వచ్చిన ఆ బండికి స్టీరింగు ఎడమపక్కన ఉండేది. అలవాటు కొద్దీ అందరి చూపూ కుడి సీటు మీదికే పోయేది. ఆ సీట్లో బండి యజమాని భార్య జయశీల కూర్చున్నన్నాళ్లూ, ఒక ఆడమనిషి ఒళ్లో చేతులు పెట్టుకుని, ఏమీ పట్టుకోకుండానే బొంబాయి రోడ్డు మీద కారు తోలేస్తున్నట్టు కనిపించేది. చూసినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు. ఆమె పోయాక అదే సీటు ఖాళీగా, అదే బండి ఊళ్లోకి వస్తుంటే ఇంక నవ్వేదెవరు? తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని లోపలికి లాక్కునేవాళ్లు.

బండి యజమాని కృపానందం. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. మనిషి మంచివాడే. ఉన్నదల్లా ఒక్క పిచ్చి, అది నాలుగు చక్రాల పిచ్చి.

ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో యంత్రాలు బిగించడానికి ఇటలీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడట. వస్తూ వస్తూ తన కారు కూడా ఓడలో తెచ్చుకున్నాడు. బొమ్మలాంటి బండి. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, ఇంజను వెనకపక్క. దొర వెళ్లిపోయేటప్పుడు దాన్ని మోసుకుపోలేక ఇక్కడే వదిలేశాడు. షెడ్డు మూలన తార్పాలిన్ కింద ఎలుకలు దాంట్లో సంసారాలు చేశాయి. ఎనభై నాలుగులో పాత సామాను వేలం వేసినప్పుడు, స్టీరింగు అటుపక్కన ఉన్న బండి ఎవరికి కావాలని అందరూ మొహం తిప్పుకుంటే, కృపానందం ఒక్కడే చెయ్యెత్తాడు.

దాన్ని తాడు కట్టి ఇస్నాపూర్‌లో పెంటయ్య వెల్డింగు షాపుకు లాక్కొచ్చారు. పెంటయ్య కృపానందానికి చిన్ననాటి స్నేహితుడు, వయసులో రెండేళ్లు చిన్న. ముందు మూత తెరిచి లోపలికి తొంగిచూసి గుండె బాదుకున్నాడు.

“అన్నా, నిన్ను ముంచిన్రు! గిండ్ల ఇంజనే లేదు!”

“ఎనుకకు రా తమ్మి. ఎనుక ఉన్నది.”

“ఇంజను ఎనుక, స్టీరింగు ఆ పక్క. ఇగ చక్రాలన్న కింద ఉన్నయా, మీద ఉన్నయా?”

పెంటయ్య నవ్వినా, ఆ బండిని బతికించింది వాళ్లిద్దరే. ఇటలీ సామాను ఇక్కడెక్కడ దొరుకుతుంది? అయితే మన పద్మిని కారు కూడా ఆ ఇటలీ కంపెనీ ఇంటి ఆడపడుచే కదా. పద్మిని కార్బురేటరు పెట్టారు, పద్మిని బ్రేకు డ్రమ్ములు చెక్కి కూర్చారు. పిస్టన్ రింగులు కృపానందం స్వయంగా లేతు మిషను మీద తీశాడు. సైలెన్సరును కోసి, లోపల గొట్టాలు మార్చి, మళ్లీ అతికాడు. స్ప్రింగులు కత్తిరించి బండిని నాలుగు వేళ్లు కిందికి దించాడు. సీట్లకు నల్ల రెగ్జిను, ఒంటికి టమాట ఎరుపు. పటాన్‌చెరు చౌరస్తాలో అతను యాక్సిలరేటరు తొక్కితే ముత్తంగిలో కుక్కలు మొరిగేవని పెంటయ్య అందరికీ చెప్పేవాడు. కొంత అబద్ధమే అనుకోండి.

ఒక్క స్టీరింగు తప్ప ఆ బండిలో అతను చెయ్యి పెట్టని చోటు లేదు.

స్టీరింగు అటుపక్కన ఉంటే ఇబ్బందేమిటో లారీ వెనకాల ఇరుక్కుంటే గానీ తెలియదు. ఆ రోజుల్లో బొంబాయి రోడ్డుకు మధ్యలో అడ్డుగోడ లేదు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకే రోడ్డు మీద. ముందున్న లారీని దాటాలంటే కుడిపక్కకు వంగి ఎదురుగా ఏం వస్తోందో చూడాలి. కృపానందం ఎడమ చివర కూర్చుని ఉంటాడు, అతనికి కనిపించేది లారీ వెనక చెక్కలే. చూడగలిగేది కుడి సీట్లో ఉన్న మనిషి. ఆ మనిషి చెప్పాలి, ఈయన దాటాలి.

ఎనభై ఐదులో పెళ్లయి వచ్చిన జయశీల ఆ పనిలో కుదిరింది. చిట్కుల్ అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు చెప్పే మనిషి, నోట్లో నాలుక లేనిది. ఇంట్లో మొగుణ్ని మీరు అనేది. “తినుండ్రి”, “జెర జల్దీ రాండ్రి”, అంతే. బండి ఎక్కితే మాత్రం ఆ మర్యాదలన్నీ గాలికి పోయేవి. ఆగుండ్రి అని నిదానంగా మర్యాద పూర్తి చేసేలోపల లారీ వచ్చి మీద పడుతుంది కదా. అందుకని తల కొంచెం బయటకు పెట్టి, గాలికి కళ్లు చిట్లించుకుని, “ఆగు... ఆగు... బస్సొస్తున్నది... ఆగు... ఆఁ, ఇగ పో!” అనేది. పో అనగానే కృపానందం తొక్కేవాడు. చెవితో విని బండి నడిపేవాడు ఈ చుట్టుపక్కల అతనొక్కడే.

ఆదివారం సంగారెడ్డి చర్చికి, పండక్కి మెదక్‌కు, చుట్టాల పెళ్లిళ్లకు, ఎక్కడికైనా ఆ బండే. పదిహేడేళ్లలో ఆమె మాట ఒక్కసారి కూడా తప్పలేదు. కృపానందానికి అదొక గొప్ప. ఫ్యాక్టరీలో క్యాంటీన్ బల్ల దగ్గర చెప్పేవాడు, “మీ ఇండ్లల్ల పెండ్లాము మాట ఇంటే కొంప మునుగుతది. నేను ఇంటేనే బతుకుత.” అందరూ నవ్వేవాళ్లు, అతను అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

ఆమె రెండు మూడుసార్లు అడిగింది. “స్టీరింగు ఈ పక్కకు మార్చుండ్రి జెర. మీరే చూసుకొని నడుపుకోవచ్చు గద.”

“నీ కండ్లుండంగ నాకేం ఫికర్?” అన్నాడు.

ఆమె మళ్లీ అడగలేదు. అది మెప్పు అనుకుందని అతను అనుకున్నాడు.

రెండు వేల రెండు వానాకాలంలో జయశీలకు పచ్చకామెర్లు వచ్చాయి. ఆకు పసరు తాగించారు, పథ్యం పెట్టారు. కళ్లు పసుపుముద్దలయ్యాక హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. ఆ రోజు వాన పడుతోంది. ముత్తంగి దాటాక లారీలు బారులు తీరి ఉన్నాయి. ఆమె తలుపుకు చేరగిలబడి కళ్లు మూసుకుని ఉంది. కృపానందం మెల్లగా లారీల వెనకే పోతున్నాడు. ఆమె తనంతట తనే తల ఎత్తింది. అద్దం దించి, వానలోకి మొహం పెట్టి చూసింది.

“ఇగ పో,” అంది.

ఆ బండిలో ఆమె అన్న చివరి మాట అదే. ఆసుపత్రి నుంచి జయశీల వేరే బండిలో వచ్చింది, తెల్లగుడ్డ కప్పుకుని.

పిల్లలు లేరు. ఇల్లు ఒక్కసారిగా ఉలుకూ పలుకూ లేకుండా పోయింది. క్రిస్మసు దాకా కృపానందం బండి ముట్టుకోలేదు. తర్వాత ఒక ఆదివారం చర్చికని తీశాడు. చిట్కుల్ నుంచి రోడ్డెక్కేదాకా బాగానే ఉంది. ఇస్నాపూర్ దాటాక చెరకు ట్రాక్టరు అడ్డం వచ్చింది. అతను అలవాటుగా చెవి కుడిపక్కకు పెట్టాడు. గాలి తప్ప ఏమీ లేదు. ఆ ట్రాక్టరు వెనకాలే, ఇంత చప్పుడు చేసే బండి, పెళ్లికూతురి వెనక తోడిపెళ్లికూతురులా సంగారెడ్డి దాకా నడిచింది. స్కూటర్లు దాటిపోయాయి. ఒక బస్సులోంచి ఎవరో కేక వేసి ఎగతాళి చేశారు. అతను చర్చికి చేరేసరికి ఆఖరి పాట అయిపోయి జనం బయటకు వస్తున్నారు.

మాట వినిపించడం ఆ తర్వాతే మొదలైంది.

కంది ఊరి దగ్గర సాయంత్రం. గడ్డి లారీ ముందుంది. ఇంక దాటుదామని, దేవుడి మీద భారం వేసి చక్రం తిప్పబోయాడు. కుడి చెవి పక్కనే, “ఆగు.” గొంతు, ఆ కొంచెం విసుగు, అంతా జయశీలదే. కృపానందం చెయ్యి ఆగిపోయింది. మరుక్షణం గడ్డి లారీ అవతల నుంచి బస్సు సర్రున దూసుకుపోయింది.

భయపడాల్సింది. భయపడలేదు. రోడ్డు పక్కన బండి ఆపుకుని, ఖాళీ సీటు మీద అరచెయ్యి పెట్టి, సంతోషంతో ఏడ్చాడు. ఇంతకాలం ఎక్కడికి పోయినవే అన్నాడు.

ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే ఇంటికి పోవడం మానేశాడు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి, సంగారెడ్డి నుంచి మళ్లీ వెనక్కి. కావాలని పెద్ద లారీలు చూసుకుని వాటి వెనక చేరేవాడు. పాశమైలారం ఫ్యాక్టరీల గాలి వాటంగా వచ్చినప్పుడు ముక్కు మండే మందుల వాసన కమ్ముకునేది, చుట్టూ పొగ, ముందు చెక్కలు. అప్పుడు వినిపించేది, ఒకసారి ఆగు, ఒకసారి ఇగ పో. అతను ఫ్యాక్టరీ కబుర్లు, అత్తగారి మోకాళ్ల నొప్పి, కూర మాడిన సంగతి అన్నీ చెప్పేవాడు. వాటికి జవాబు వచ్చేది కాదు. ఆమె ఆ రెండు మాటలే అనేది. అతనికి ఆ రెండే చాలు. సీటు రోజూ తుడిచేవాడు. ఎవరైనా ఎక్కుతామంటే బ్రేకులు బాగా లేవని తప్పించుకునేవాడు.

రుద్రారం దగ్గర జరిగింది ఎండాకాలంలో, పట్టపగలు. ముందు ఒక ట్యాంకరు. రోడ్డు మీద ఎండ పొగలా ఆడుతోంది. “ఇగ పో.” ఎప్పటికంటే స్పష్టంగా, ఎప్పటికంటే మెల్లగా. కృపానందం తొక్కాడు. సగం దూరం వచ్చాక చూశాడు, ఎదురుగా ఆర్టీసీ బస్సు, దాని ముఖం ఆకాశమంత. ఎట్లా తిప్పాడో అతనికే తెలియదు. బండి కుడిపక్క దిగుడులోకి దిగి, తుమ్మకంపల్లో ఆగింది. పక్క అద్దం విరిగిపోయింది. అతని ఒంటి మీద గీత పడలేదు.

బస్సు డ్రైవరు దిగివచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు. “సావనీకి నీకు నా బస్సే దొరికిందా? కండ్లు కనవడ్తలేవా?”

కృపానందం అతని వైపు చూడలేదు. కుడి సీటునే చూస్తున్నాడు. పదిహేడేళ్లలో ఒక్కసారి తప్పని మాట ఇవాళ ఎందుకు తప్పింది? తప్పిందా, లేక కావాలనే అందా? తోడు లేక రమ్మంటోందా? లేక ఏదో కోపం, బతికి ఉండగా చెప్పని కోపం, ఇప్పుడు తీర్చుకుంటోందా? ఆ ప్రశ్న పట్టుకున్నాక అతనికి నిద్ర లేదు. చచ్చిపోవడం అంత పెద్ద విషయం అనిపించలేదు. జయశీల తనను చంపాలనుకుందేమో అన్నది మాత్రం గొంతులో ఎముకలా ఉండిపోయింది. ఆమెతో బతికిన బతుకంతా నిజమా కాదా అన్నదే ఇప్పుడు లెక్క.

జయశీల తల్లి సోమమ్మ ఊళ్లోనే ఉండేది. కర్ర ఊతంతో వచ్చి గడపలో కూర్చుంది.

“నా బిడ్డ చీమను దొక్కలే బిడ్డా. నిన్ను గట్ల పిలుస్తదా? గా బండిల ఏదో చెడ్డది జొచ్చింది. అమ్మెయ్యి. లేకుంటే కాలబెట్టు.”

“అత్తా, గొంతు ఆమెదే.”

“గొంతుదేమున్నది, ఎవలైన తీస్తరు,” అంది ముసలమ్మ. అని తనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పాస్టరు దేవదానం గారు కూడా వచ్చారు. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రిస్తారనీ, బొంబాయి రోడ్డు మీద తిరగరనీ నెమ్మదిగా చెప్పారు. “మరి మాట్లాడింది ఎవరు అయ్యగారూ?” అని కృపానందం అడిగాడు. ఆయన బండి ముందు మూత మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఈ ఇంజనును కాపాడమని గట్టిగా ప్రార్థన చేశారు. ఇంజను వెనకుందని ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఖాళీ డిక్కీకి మాత్రం మంచి దీవెన దొరికింది.

విరిగిన అద్దం అతకడానికి బండి పెంటయ్య దగ్గరికి పోయింది. పెంటయ్య సంగతంతా విని, బీడీ పారేసి అన్నాడు, “స్టీరింగు మారుద్దామన్న. నీ కండ్లతోని నువ్వే చూసుకో. ఇంకొకల మాట ఇనుడు ఎందుకు?”

“అది ఆమె జాగ తమ్మి. ఆమెను లేపి నేను కూసుంటనా?”

“ఉంటే, జరిగి అటు కూసుంటదన్న. ఈడ ఎవలు ఎవల్ని ఎల్లగొడ్తున్నరు?”

కృపానందం లేచి వెళ్లిపోయాడు. మళ్లీ అదే రోడ్డు, అవే లారీలు. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఇస్నాపూర్ దగ్గర సిమెంటు లారీ వెనక ఉన్నాడు. రోడ్డు అక్కడ వంపు తిరుగుతుంది కాబట్టి ఎడమపక్క నుంచి కూడా ఎదురుగా బస్సు వస్తున్నది కనిపించింది. కనిపిస్తూనే ఉంది. అయినా అతని కాలు యాక్సిలరేటరు మీద బిగుసుకుని, చెవి కుడిపక్కకు వంగి, ఇగ పో అంటే పోదామని ఎదురుచూస్తోంది. మాట రాలేదు. వచ్చి ఉంటే పోయేవాడే. అది అర్థమయ్యాక అక్కణ్నుంచి నేరుగా బండిని పెంటయ్య షాపు లోపలికి తెచ్చి, తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

“మార్చు,” అన్నాడు.

పాత పద్మిని ఒకటి తుక్కు కింద దొరికింది. దాని స్టీరింగు డబ్బా, దాని పెడల్సు విప్పి తెచ్చారు. పద్మినిలో పెడల్సు కింది రేకులోంచి పైకి వస్తాయి. కాబట్టి కుడిపక్క రేకుకు రంధ్రాలు పెట్టాలి. పెంటయ్య కుడి సీటు బోల్టులు విప్పాడు. సీటు పైకి ఎత్తుతున్నప్పుడు కృపానందం మొహం అటు తిప్పుకున్నాడు. తర్వాత కింద పరిచిన రబ్బరు మ్యాటు మిగిలింది. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ రేకుకు అంటుకుపోయింది. కృపానందమే వంగి, స్క్రూడ్రైవరు దూర్చి, కొంచెం కొంచెంగా ఒలిచాడు.

మ్యాటు కింద రేకు సాపుగా లేదు. ముందుపక్క, కాళ్లు చాపుకునే చోట, అరచెయ్యి పట్టేంత గుంట. గుంట వెనక మడమ ఆనే చోట ఇంకో చిన్న గుంట.

“ఏందన్న ఇది, కింద రాయి గిట్ల తాకిందా?” అన్నాడు పెంటయ్య.

కృపానందం బండి కిందికి దూరి చూశాడు. కింది నుంచి రాయి తాకితే రేకు పైకి లేవాలి, ఇది కిందికి దిగి ఉంది. పైనుంచి నొక్కింది. పెళ్లికి ముందు తుప్పు పట్టిన పాత రేకు కోసేసి ఈ కొత్త రేకు పరిచింది తనే. అరచేత్తో రుద్ది రుద్ది, అద్దంలా సాపు చేసి వెల్డింగు పెట్టించాడు. ఆ తర్వాత ఆ చోట కాలు పెట్టింది ఒక్క మనిషే.

కిందనుంచి బయటకు వచ్చి, సీటు లేని ఆ ఖాళీలో చతికిలబడ్డాడు. కాలు చాపాడు. కుడికాలు సరిగ్గా పోయి ఆ గుంటలో పడింది. అప్పుడు తెలిసింది. ఎదురుగా బస్సులు, లారీలు మీదికి వస్తుంటే, బ్రేకు లేని ఆ చోట ఆమె బ్రేకు తొక్కింది. నోటితో పో అంటూ, కాలితో ఆపింది. ఒకటి రెండుసార్లు కాదు, రేకు వంగిపోయేటన్నిసార్లు. అతను పాటలా విన్న ఆ ఇగ పో ప్రతిసారీ ప్రాణాలు అరికాల్లో పెట్టుకుని అన్నది. పక్కనే కూర్చుని, ఒక్కసారి కూడా అతను కిందికి చూడలేదు.

రుద్రారంలో విన్నది ఆమె కాదని కూడా అప్పుడే తెలిసింది. ఆ గొంతు సుఖంగా, తీరిగ్గా ఉండింది. జయశీల ఎప్పుడూ అంత తీరిగ్గా పో అనలేదు, అనగలిగేది కాదు. అది పోవాలని ఉన్న తన మనసే. దానికి ఆమె గొంతు తొడిగాడు.

ఏడ్చాడు. ఈసారి సంతోషంతో కాదు. ఆమె తనను చంపాలనుకోలేదన్న ఊరట ఒకపక్క, అన్నేళ్లు ఆమెను భయపెట్టానన్న సిగ్గు ఒకపక్క. రెండూ కలిసి వచ్చాయి. పెంటయ్యకు ఏం అర్థమైందో ఏమో, సుత్తె చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“గుంటను కొట్టి సాపు జేస్తనన్న. పెడలు మంచిగ కూసుంటది.”

“కొట్టకు,” అన్నాడు కృపానందం. “పదిహేడేండ్లు బ్రేకు అడిగింది తమ్మి. నాకు ఇనరాలే. గీడనే పెట్టు.”

పద్మిని కొలత ప్రకారం బ్రేకు రంధ్రం ఇంకొంచెం ఎడమకు రావాలి. కృపానందం ఆ కొలత పక్కన పెట్టి, గుంట నడుమ సుద్దముక్కతో తనే గుర్తు గీశాడు. రాడ్డు వంచి, అతికి, సాయంత్రానికి పెడలు బిగించారు. బండి ఇంకా జాకీల మీదే ఉంది, చక్రాలు కూడా లేవు. అతను లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకున్నాడు. పెంటయ్య షట్టరు దించుదామని రెండుసార్లు పిలిచినా కాలు తీయలేదు.